సోర్బీ కొట్టం మీద హాగెన్ పేరు

ఆర్లిస్ బ్రెక్కీ ఏ కొట్టాన్నైనా ఫొటో తీయాలంటే ముందు వాతావరణం చెడిపోవాలి. ఎండ కాస్తే ఆమె ఇల్లు కదలదు. నవంబరులో ఆకులు రాలిపోయి, మొక్కజొన్న కోతలు ముగిసి, ఆకాశం గిన్నెలు కడిగిన నీళ్ళ రంగులోకి దిగాక పికప్ బండి బయటికి తీస్తుంది. వెనక తొట్టిలో ఒక నిచ్చెన. రోడ్డు పక్కన బండి ఆపి, తొట్టిలోనే నిచ్చెన నిలబెట్టి, డెబ్భై ఏళ్ళ వయసులో దాని చివరి మెట్టుదాకా ఎక్కుతుంది. దారిన పోయేవాళ్ళు ఆగి, "పడతావు, దిగు" అంటారు.

"పడితే నీ మీదే పడతా, కాస్త దగ్గరికి రా" అంటుంది.

ఎండలో ఎందుకు తీయవని ఒకసారి అడిగాను. ఎండుంటే నీడలుంటాయి, తర్వాత కంప్యూటర్లో చూసుకుంటే ఏది నీడో ఏది కన్నమో తేలదు అంది. మరి నిచ్చెనెందుకు? నేల మీద నిలబడి కెమెరా పైకెత్తితే కొట్టం వెనక్కి వాలినట్టు పడుతుందట.

"వాలిపోయినవి మనకు చాలానే ఉన్నాయి. నిటారుగా ఉన్నవాటిని కూడా నేనెందుకు వాల్చడం?"

మా లోయలో కొట్టమంటే పాక కాదు. కింద రాతి గోడల మధ్య ఆవులు, పైన మూడంతస్తుల ఎత్తున ఎండుగడ్డి. ఇల్లు కారితే గిన్నె పెట్టుకుని ఊరుకుంటారు. కొట్టం కారితే అదే పూట కప్పెక్కుతారు. ఆర్లిస్ ఇరవై ఏడేళ్ళు పాల ట్యాంకరు నడిపింది. ప్రతి కొట్టం ముందూ బండి వెనక్కి పెట్టింది. ఏ వాకిట్లో మంచు గడ్డకడుతుందో, ఎవరి కుక్క టైర్లు కరుస్తుందో ఆమెకు తెలుసు. పాడి గిట్టుబాటు కాక ఒక్కొక్కరే ఆవులు అమ్ముకుంటుంటే ఆమె తిరిగే దారి కురచైపోతూ వచ్చింది. చివరికి ట్యాంకరు కంపెనీ ఆమె దారినే రద్దు చేసింది. అప్పుడు కెమెరా కొన్నది. వదిలిన దారినే మళ్ళీ మొదట్నుంచి తిరగడం మొదలుపెట్టింది.

ఫొటో తీయడం సగం పనే. మిగతా సగం వంటింటి బల్ల మీద, కంప్యూటర్ ముందు. అక్కడ ఆర్లిస్ కొట్టానికి వైద్యం చేస్తుంది. కప్పు నడుం వంగితే నిలబెడుతుంది. గోడకు చెక్క పలక ఊడిపోతే, అదే గోడ మీద బాగున్న పలకను తీసుకొచ్చి మాసిక వేస్తుంది. కొత్తగా లాగిన కరెంటు తీగలు, టీవీ డిష్షులు, అద్దెకుంటున్న కుర్రాళ్ళు ఆరేసిన చొక్కాలు, మంచు మీద నడిపే పాడుబడ్డ బండ్లు అన్నీ చెరిపేస్తుంది. దీనికి ఆమె పెట్టుకున్న నియమం ఒక్కటే: చివరి ఆవు వెళ్ళాక వచ్చినది ఏదైనా పోవాల్సిందే.

కౌంటీ తిరునాళ్ళలో ఒకాయన ఆమె ఫొటోల ముందు నిలబడి, "ఇదంతా అబద్ధం కదమ్మా. ఆ కొట్టం నేను చూశాను, సగం కూలిపోయింది" అన్నాడు.

"మీ పెళ్ళి ఫొటోలో మీ ఆవిడ మొటిమ ఉంచారా?" అంది ఆర్లిస్.

ఆయన పక్కనే ఉన్న ఆవిడ ముందు నవ్వింది. తర్వాత ఆలోచించి ఆయన వైపు చూసింది.

ఈ ఫొటోలన్నీ పుస్తకంగా వేయాలని మా లూథరన్ చర్చి వాళ్ళు తలపెట్టారు. చర్చికి నూట యాభై ఏళ్ళు నిండుతున్నాయి. లోయలో ఉన్న కొట్టాలు, పోయిన కొట్టాలు అన్నిటితో ఒక పుస్తకం. కమిటీకి పెద్ద లవాన్ స్కార్. చిన్నప్పుడు ఆర్లిస్‌తో ఒకే బల్ల మీద కూర్చుని బైబిలు పాఠం అప్పజెప్పిన మనిషి. ఊళ్ళో ఏ విందైనా బంగాళాదుంపలు ఎన్ని ఉడకేయాలో లవాన్ చెప్పాలి. ఆమె పుట్టింటివాళ్ళు సోర్బీలు.

గొడవంతా ఈ సోర్బీ అన్న పేరు దగ్గరే వచ్చింది.

మా దగ్గర పొలానికి కొన్నవాడి పేరు రాదు, అమ్ముకుని పోయినవాడి పేరు వస్తుంది. మైలో హాగెన్ నలభై ఎనిమిదేళ్ళ కిందట లవాన్ తండ్రి దగ్గర పొలం, కొట్టం కొన్నాడు. అప్పట్నుంచీ అక్కడే పాడి చేశాడు, అక్కడే పిల్లల్ని పెంచాడు. అయినా అది సోర్బీ వాళ్ళదే. వాగుకు అవతల మైలో పుట్టి పెరిగిన పొలం ఒకటుంది. దాన్ని హాగెన్లు ఎప్పుడో అమ్మేశారు. అందులో ఇప్పుడు క్రూగర్ కాపురముంటున్నాడు. అది మాత్రం హాగెన్ వాళ్ళది. క్రూగర్ కూడా ఎవరైనా దారి అడిగితే "హాగెన్ వాళ్ళింట్లో ఉంటాం" అనే చెబుతాడు. బతికున్నన్నాళ్ళూ ఇంకొకడి పేరు మీద బతకడం, పోయాక మన పేరు మీద ఇంకొకడు బతకడం. ఎవరూ తప్పు పట్టరు. మైలో పట్టాడు.

ఆ ఏడు వసంతంలో మైలో ఆవులు అమ్మేశాడు. కొట్టం కప్పు లోపలికి దిగిపోతోంది. పాత కలప కొనేవాళ్ళు వచ్చి చూసి, చలికాలం వెళ్ళేలోగా విప్పి తీసుకుపోతామన్నారు. అక్టోబరులో ఒకరోజు అతను ఆర్లిస్ వంటింటికొచ్చి, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. కాఫీ పోస్తే తాగాడు. వాన గురించి మాట్లాడాడు. రెండో కాఫీ తాగాడు.

"ఏంటి మైలో, అడగడానికి వచ్చినవాడివి అడుగు. ఈ కుండలో ఇంక కాఫీ లేదు" అంది ఆర్లిస్.

"నా కొట్టం ఫొటో పుస్తకంలో వేస్తారంట."

"వేస్తారు."

"కప్పు మీద పేరుంది."

ఉంది. ముదురు పెంకుల మధ్య తెల్ల పెంకులతో 'సోర్బీ 1911' అని రోడ్డుకు కనపడేలా పేర్చి ఉంటుంది. లవాన్ తాత పేర్పించాడు.

"కంప్యూటర్లో ఏదైనా చెయ్యొచ్చంటారుగా. ఆ పేరు తీసి నాది పెట్టు."

"పెట్టను."

"ఒల్సన్ వాళ్ళ కొట్టం మీద గాలివాటం చూపే రేకు కోడిపుంజు ఎగిరిపోతే మళ్ళీ పెట్టావు."

"ఆ పుంజు అక్కడ ఉండేది, అందుకు పెట్టా. నీ పేరు ఆ కప్పు మీద ఎప్పుడూ లేదు. సోర్బీ కట్టించాడు మైలో. కట్టినవాడి పేరు నేను చెరపను. రేపు నీ పేరు ఎవరైనా చెరపమన్నా చెరపను."

"చెరపడానికి నాదెక్కడుంది?" అన్నాడు మైలో.

టోపీ తీసుకుని లేచాడు గానీ తలుపు దగ్గర ఆగిపోయాడు. అప్పుడు చెప్పాడు ఇనెజ్ సంగతి. ఇనెజ్ అతని భార్య. ఆమె పడ్డ సంగతి లోయలో అందరికీ తెలుసు. ఎలా పడిందో, ఎంతసేపు పడి ఉందో అతను ఎవరికీ చెప్పలేదు. ఒక జనవరిలో కొట్టం గుమ్మం ముందు మంచు మీద జారింది, తుంటి ఎముక విరిగింది. మైలో ఫోన్ చేశాడు. ఎవరింటికి రావాలని అడిగారు. హాగెన్ వాళ్ళింటికి అన్నాడు. అంబులెన్సు నడిపేవాళ్ళు ఊరివాళ్ళే, మైలోతో కలిసి బౌలింగ్ ఆడేవాళ్ళే. ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా బయల్దేరారు. తిన్నగా వాగు అవతలికి, క్రూగర్ వాకిట్లోకి పోయారు.

"మా వాకిట్లోంచి ఎర్రదీపం తిరగడం కనిపిస్తోంది. టోపీ ఊపాను. కేకలేశాను. క్రూగర్ భార్య బయటికొచ్చి, మా ఇంట్లో ఎవరూ పడలేదే అని చెప్తోంది కాబోలు, చేతులు తిప్పుతోంది. వాగు మీద దారి లేదు కదా, మళ్ళీ వంతెన దాకా పోయి చుట్టూ తిరిగి రావాలి. ఇనెజ్ మంచు మీదే ఉంది. నా కోటు కప్పాను. 'సోర్బీ వాళ్ళని చెప్పుంటే అయిపోయేది కదయ్యా' అంది. నొప్పిలో కూడా అదే అంది. ఫోన్లో వాళ్ళు నన్ను అడిగింది నా ఇల్లెక్కడని. నేను నా ఇల్లే చెప్పాను ఆర్లిస్. అందులో తప్పేముంది?"

ఇనెజ్ తర్వాత నాలుగేళ్ళు బతికింది, కర్రతో నడిచింది. గడ్డి అటక మాత్రం మళ్ళీ ఎక్కలేదు.

"చచ్చాక నా పేరొస్తుందంటారు. నాకు చచ్చాక అక్కర్లేదు" అన్నాడు మైలో.

ఆర్లిస్ ఖాళీ కాఫీ కుండ తీసుకెళ్ళి నీళ్ళ కింద పెట్టింది. తర్వాత, "కంప్యూటర్లో నేను రాస్తే అది నా మాటవుతుంది. కొట్టం మీద నువ్వు రాసుకుంటే అది నీ మాట. నీ మాటను నేను ఫొటో తీస్తా. తలుపులు నీవేగా? రాసుకో" అంది.

"దేంతో?"

"కొట్టం లోపల గోడలకు ఏటా కొట్టే సున్నం మిగల్లేదా?"

"వానొస్తే పోతుంది."

"వాన వచ్చేలోగా నేనొస్తా."

మబ్బు కమ్మిన ఒక పొద్దున ఆర్లిస్ పోయేసరికి మైలో అప్పటికే బకెట్లో సున్నం కలుపుతున్నాడు. నేనూ పోయాను, మా వారపత్రికకు ఆ వారం వేరే వార్త లేదు. గడ్డి బండి లోపలికి పోయేంత పెద్ద ఎర్ర తలుపులు రెండు. కింద నిలబడి నిచ్చెన పట్టుకోమని ఆర్లిస్ నాకు పురమాయించింది. మైలో తన ఇంటిపేరు మొదటి ఇంగ్లీషు అక్షరాన్ని తన ఎత్తు రాశాడు. రెండోది ఇంకా పెద్దది. మూడోది రాసేసరికి చోటు చాలదని మా ఇద్దరికీ అర్థమైంది, అతనికి కాలేదు. చివరి అక్షరం తలుపు అంచుకు నొక్కుకుని, సంతబండిలో ఆఖర్న ఎక్కినవాడిలా ఒంటికాలి మీద నిలబడింది.

"బాగుందా?" అన్నాడు కిందికి దిగి.

"రోడ్డు మీంచి కనిపిస్తుంది" అంది ఆర్లిస్. బండి తొట్టిలో నిచ్చెన వేసుకుని ఎక్కింది. మైలోను ఫొటోలో నిలబడమనలేదు. అతనే పోయి తలుపు పక్కన నిలుచున్నాడు. "తప్పుకో, నీ పేరుకు అడ్డమొస్తున్నావు" అని అరిచింది.

ఆ ఫొటోకు మామూలు వైద్యమే చేసింది. కప్పు నడుం ఎత్తింది, పలకలు పూడ్చింది, ఆ వేసవిలో పాతిన దీపస్తంభం చెరిపింది. సోర్బీ పేరులో రాలిపోయిన రెండు తెల్ల పెంకులు కూడా తెచ్చి పెట్టింది. తలుపుల జోలికి పోలేదు. నొక్కుకుపోయిన ఆ చివరి అక్షరాన్ని కాస్త జరపొచ్చు కదా అంటే, "అది అతని దస్తూరీ" అంది.

కమిటీ చర్చి నేలమాళిగలో కూర్చుంది. కాఫీ, గుమ్మడికాయ కేకు ముక్కలు. ఆర్లిస్ ఫొటోలు ఒక్కొక్కటీ తెర మీద వేసింది. ప్రతిదానికీ ఎవరో ఒకరు "అబ్బ, అక్కడ గడ్డి మోశాన్రా" అనడం, ఎవరో ఒకరు అది ఆ కొట్టం కాదనడం. తర్వాత హాగెన్ పేరున్న తలుపులు తెర మీదికి వచ్చాయి.

"వేరేగా ఉంది" అంది లవాన్.

మా వాళ్ళు బాగాలేదని చెప్పరు. వేరేగా ఉంది అంటారు. ఆ మాట వింటే పెళ్ళికూతురైనా గౌను మార్చుకోవాల్సిందే, అంత బరువు దానికి.

"ఏం వేరేగా ఉంది?" అంది ఆర్లిస్.

"ఆ సున్నం ఇంకా ఆరలేదే. అది చరిత్రెలా అవుతుంది? ఆవులు వెళ్ళాక వచ్చిందేదైనా తీసేస్తానన్నది నువ్వే కదా. ఏప్రిల్లో ఆవులు వెళ్ళాయి, నవంబర్లో రాత వచ్చింది. నీ నియమం ప్రకారమే తీసెయ్."

చూడ్డానికొచ్చి వెనక వరుసలో కూర్చున్న మైలో లేచాడు. "కావాలంటే ఒక ఆవును వెనక్కి తోలుకొస్తా. మా చెల్లెలి కొడుకు దగ్గర ఒట్టిపోయింది ఒకటుంది. అప్పుడు చివరి ఆవు వెళ్ళనట్టే కదా?"

అందరూ నవ్వారు. లవాన్ కూడా నవ్వబోయి ఆపుకుంది.

"కూర్చో మైలో, ఆవును ఇబ్బంది పెట్టకు" అంది ఆర్లిస్. "లవాన్, నియమం నేను పెట్టుకున్నది. టీవీ డిష్షు తనంతట తనొచ్చి కూర్చుంది, తీసేశాను. ఈ పేరు రోజుకు రెండు పూటలా పాలు పితికి వచ్చింది. తీయను."

"మా తాత ఆ పునాది రాళ్ళు వాగులోంచి గుర్రాలతో లాగించాడు. ఒక రాయి కింద వేలు పోయింది. ఆ వేలు ఇంకా ఆ గోడలోనే ఉందని మా నాన్న మమ్మల్ని భయపెట్టేవాడు. ఆ పేరు మా వాళ్ళకు ఊరికే రాలేదే."

"అందుకే కప్పు మీద మీ తాత పేరు నేను ముట్టుకోలేదు. పెంకులు పోతే నా చేత్తో పెట్టాను కూడా. రెండు పేర్లు మోయలేనంత చిన్న కొట్టమా అది?"

"ఒక్క కొట్టానికి రెండు పేర్లుంటే జనం ఏమనుకోవాలి?"

"ఇద్దరు మనుషులు బతికారనుకోవాలి."

కేకు ముక్కల వైపు చూస్తున్నవాళ్ళు ఇంకా శ్రద్ధగా చూడసాగారు. ఆర్లిస్ కంప్యూటరు మూత మూసింది. "అన్నీ వేస్తే అన్నీ ఇస్తాను. ఒక్కటి మానేసినా ఏదీ ఇవ్వను. మీకేం కావాలో చూసుకోండి" అని కోటు వేసుకుంది. నాలుగు రోజుల తర్వాత లవాన్ నుంచి ఫోన్ వచ్చింది. అన్నీ వేస్తామంది. ఆర్లిస్ ఫొటోలు పంపింది.

ఫిబ్రవరిలో కలపవాళ్ళు వచ్చి కొట్టాన్ని పలకపలకగా విప్పి పట్టుకుపోయారు. రాతి పునాది మిగిలింది. ఇంక దాన్ని మళ్ళీ ఫొటో తీసే దారి ఎవరికీ లేదు.

మే నెలలో ఒక ఆదివారం చర్చి నేలమాళిగలో పుస్తకం విడుదల. మాంసపు ఉండలు, ఉడికించిన బంగాళాదుంపలు, రొట్టెలు. పై మెట్ల దాకా జనం. గోడ పక్కన బల్ల వేసి, కొన్నవాళ్ళ పుస్తకం మీద సంతకం చేయడానికి ఆర్లిస్‌కు కుర్చీ వేశారు. ఆమె అట్టపెట్టెలోంచి ఒక పుస్తకం తీసి నేరుగా ఆ పేజీ తెరిచింది.

ఎర్ర తలుపులు శుభ్రంగా ఉన్నాయి. అక్షరం లేదు.

నేను పక్కనే ఉన్నాను. ఆమె అరుస్తుందనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని, ముక్కు ఆనేలా వంగి చూసింది. తర్వాత పుస్తకం తెరిచే పట్టుకుని వంటగదిలోకి పోయింది. లవాన్ పొయ్యి ముందు పెద్ద కాఫీ పాత్ర దగ్గరుంది.

"ఎవరు చేశారిది?"

"అచ్చువాళ్ళతో నేనే చేయించాను. దాచనులే" అంది లవాన్, గరిటె పక్కన పెట్టి. "కమిటీకి కూడా తెలీదు. నువ్వు మూడొందల కొట్టాల మీద చేసిన పనే నేను ఒక్కదాని మీద చేశాను."

"నేను చేస్తే పోయినదాన్ని తెచ్చి పెట్టాను. నువ్వు ఉన్నదాన్ని పోగొట్టావు."

"కరెంటు తీగలు లేవా? ఆరేసిన చొక్కాలు లేవా? ఆ చొక్కాల వాళ్ళు నిన్నేమన్నా అడిగారా?"

ఆ మాట ఆర్లిస్ ఒప్పుకుంది. "అడగలేదు. అడిగితే ఉంచేదాన్ని. ఇతను అడిగాడే." తర్వాత పేజీ మీద వేలు పెట్టింది. "పైగా ఇంత మొరటుగా మాసిక వేయిస్తావా? చూడు, ఈ పలకలో ముడి ఉంది, ఈ పక్క పలకలోనూ అదే ముడి, అదే వంకర. కవలపిల్లల్లా. ఒకే చెక్కను పక్కపక్కనే అతికించారు. కాస్త బాగా చేసినా సగం కోపం తగ్గేది."

"మరిప్పుడేం చేస్తావు? పుస్తకాలు వెనక్కి పంపుతావా? బయట అందరూ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు."

ఆర్లిస్ వెనక తలుపులోంచి బయటికి పోయింది. బండి కదిలిన చప్పుడు వినిపించింది. జనం అలిగి వెళ్ళిపోయిందనుకున్నారు. మైలో అవతలి మూల ఇంకో బల్ల దగ్గర మాంసపు ఉండలు తింటున్నాడు. ఎవరో అతని ముందు పుస్తకం తెరిచి పెట్టినట్టున్నారు. దాన్ని మూయకుండా, చూడకుండా, ప్లేటు దాని పక్కకు జరుపుకుని తింటున్నాడు.

ఆర్లిస్ తిరిగొచ్చింది. రోడ్డు చివరి సామాన్ల దుకాణంలో, ట్రాక్టరు టైర్ల మీద గుర్తులు పెట్టే తెల్ల రంగు కలాలు ఉన్నన్నీ కొనుక్కొచ్చింది. కుర్చీలో కూర్చుని, కోటు విప్పి, ఒక కలం మూత తీసింది.

"రండి. ముందెవరు?"

మొదట వచ్చినవాడు వెర్లిన్ ఒల్సన్. ఆమె అతని పుస్తకం తీసుకుని, సంతకం చేయాల్సిన మొదటి పేజీ వదిలేసి, హాగెన్ తలుపుల పేజీ తెరిచింది. ఎర్ర పలకల మీద తెల్లగా, మొదటి అక్షరం పెద్దది, రెండోది ఇంకా పెద్దది, చివరిది అంచుకు నొక్కి, అచ్చం మైలో రాసినట్టే రాసింది. ఊది ఆరబెట్టింది. అప్పుడు మొదటి పేజీకి వచ్చి సంతకం చేసింది.

"ఓహో" అన్నాడు వెర్లిన్. "మరి మా పేజీలో మా కుక్కను తీసేశావు. దాన్ని కూడా గీయవే."

"దానికి రాయడం వస్తే పంపు, కలమిస్తా."

తర్వాతి ఆమె పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "కొత్త పుస్తకమమ్మా, పాడైపోతుంది."

"పాడైపోయే వచ్చింది. నేను బాగుచేస్తున్నా."

"నాకు ఒట్టి సంతకం చాలు."

"ఒట్టి సంతకం లేదు. రాత ఉంటే సంతకం ఉంటుంది. రాత వద్దంటే పుస్తకం తీసుకుని హాయిగా ఇంటికెళ్ళు, నాకేం కోపం లేదు."

ఆమె సంతకం లేకుండానే వెళ్ళిపోయింది. ఇంకో ఇద్దరు కూడా. వెళ్ళినవాళ్ళ వైపు ఆర్లిస్ తలెత్తి చూడలేదు. వరస మాత్రం తగ్గలేదు. మైలో దాకా వార్త పోయింది. ఎవరో భుజం తట్టి, "మైలో, నీ పేరొచ్చిందిరా పుస్తకంలో" అన్నారు.

"వచ్చిందేంట్రా, ఎప్పట్నుంచో ఉంది" అన్నాడు, రొట్టె తుంచుకుంటూ.

అప్పుడు క్రూగర్ వచ్చాడు. పుస్తకం ఆమె ముందు పెట్టకుండా తన పేజీ తెరిచి చూపించాడు. కింద 'హాగెన్ వాళ్ళ కొట్టం' అని అచ్చయి ఉంది.

"నేను అక్కడికొచ్చి యాభై ఏళ్ళు. నా మనవరాలు కూడా ఆ ఇంటిని హాగెన్ వాళ్ళదంటుంది. నా పేరు కూడా రాస్తావా?"

"రాయను. నీది నువ్వు రాసుకో" అని ఆర్లిస్ రెండో కలం అతని చేతిలో పెట్టింది.

క్రూగర్ బల్ల చివర వంగి, నాలుక బయటపెట్టి, తన కొట్టం కప్పు మీద పేరు రాసుకున్నాడు. వెనకున్నవాళ్ళు తొంగి చూశారు. "ఆ కలం ఇటివ్వు" అన్నారొకరు. "మాది లార్సన్ వాళ్ళదని ఎవడన్నాడు? లార్సన్ పోయి ముప్పై ఏళ్ళయింది" అన్నారింకొకరు. కాసేపట్లో ఒక్కటి తప్ప కలాలన్నీ ఆర్లిస్ చేతిలోంచి జారిపోయాయి. మాంసపు ఉండల బల్లల మీద, కిటికీ గట్ల మీద, ఒకరి వీపు మీద పుస్తకం పెట్టి ఇంకొకరు రాసుకుంటున్నారు. ఒక ముసలాయన పేజీ తప్పి పొరుగువాడి కొట్టం మీద పేరు రాసుకున్నాడు, పొరుగువాడు "కొన్నావా ఏంటి, చెప్పనేలేదు!" అని అరిచాడు. పాస్టరు ప్రార్థన చేయాలని లేచి, చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

లవాన్ వంటగది గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించింది. తన పుస్తకం తీసుకుని, పెద్దగా ఎవరినీ తోసుకోకుండా, వరస చివర నిలబడింది. తన వంతు వచ్చినప్పుడు పుస్తకం బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించి ఉంచింది.

"రెండో ముద్రణలో మళ్ళీ తీయిస్తాను" అంది.

"తీయించు. మళ్ళీ ఇక్కడే కూర్చుంటా. పాలు పితకాల్సిన ఆవులు నాకేం లేవు."

"నాకూ లేవు."

"అయితే ఇద్దరం కూర్చుందాం."

లవాన్ చెయ్యి తీయలేదు. "సంతకం చెయ్యి ఆర్లిస్. చిన్నప్పట్నుంచి ఎరిగినదాన్ని, సంతకమైనా చెయ్యవా?"

"ఒట్టి సంతకం చెయ్యను. అందరికీ చెప్పిన మాటే నీకూను."

లవాన్ ముఖం ఎర్రబడింది. పుస్తకం వెనక్కి లాక్కుని గుండెకు పెట్టుకుంది. వెళ్ళిపోతుందనుకున్నాం. బల్లకు ఒక పక్కగా జరిగి, గోడకు వీపు ఆనించి, కదలకుండా నిలబడింది. ఆమె తర్వాత వచ్చి చేరినవాళ్ళు వరసలో ఇంకా ఉన్నారు. ఆర్లిస్ కలాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. రంగు ఇంకా ఉన్నట్టు చప్పుడైంది.

"తర్వాతెవరు?" అంది.